పార్టులకు పైసలిస్తాం, హునర్‌కు ఇవ్వం

పాత అంబాసిడర్ పొద్దున స్టార్ట్ కాలేదని షెడ్డుకు తోయించుకెళ్తే, సాయంత్రానికి బిల్లులో నాలుగు పేర్లు ఉంటాయి. కొత్త బ్యాటరీ, కొత్త కాయిల్, కొత్త కండెన్సర్, సెల్ఫ్ మోటార్ రిపేరు. బండి నడిచింది కదా అని పైసలిచ్చి, షుక్రియా చెప్పి వచ్చేస్తాం. అసలు మర్జ్ ఏమిటని మనం అడగం, వాళ్ళు చెప్పరు. ఆ నాలుగింటిలో మూడు బాగానే ఉండి ఉండొచ్చు. ఒక్కోసారి నాలుగూ బాగానే ఉంటాయి. బ్యాటరీ విప్పి బిగించినప్పుడు తుప్పు పట్టిన టెర్మినల్ శుభ్రమై, ఇలాజ్ దానంతట అదే జరిగిపోయి ఉంటుంది.

ఇందులో కుసూర్ అంతా మిస్త్రీలదే అని నేను అనను. మనదీ ఉంది. అయితే ఆ మాటకు ముందు, ఈ బండి నబ్జ్ ఎలా చూస్తారో తెలియాలి.

అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్ 1958 నుంచి 2014 వరకు తయారు చేసింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు దానికి మూలం. పాత పెట్రోల్ మోడళ్ళలో ఉండేది 1489 సీసీ ఇంజను. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. వైర్లకు లూకాస్ వాళ్ళ రంగుల లెక్క ఉంది. బ్రౌన్ వైరులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తెల్ల వైరులో తాళం తిప్పితేనే వస్తుంది, నల్లది ఎర్త్. కానీ ఇన్నేళ్ళలో ఎందరి చేతులు పడ్డాయో, ఎవరు ఏ రంగు ముక్క అతికించారో! అందుకే రంగు మీద పూర్తి భరోసా వద్దు. గవాహీ ఇవ్వాల్సింది టెస్టింగ్ బల్బు. 12 వోల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు, అంతే సామాను.

తజుర్బా ఉన్న ఉస్తాద్ మొదట అడిగే సవాల్ ఒక్కటే. సెల్ఫ్ తిరగడం లేదా, లేక సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజను అందుకోవడం లేదా? ఇవి రెండు వేర్వేరు మర్జ్‌లు. రెండింటినీ కలిపేస్తేనే బిల్లు పెరుగుతుంది.

సెల్ఫ్ తిరగకపోతే బండిని న్యూట్రల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి, తాళం తిప్పి చూడాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా అలాగే వెలుగుతూ ఉంటే సెల్ఫ్ దాకా కరెంటు పోవడం లేదు. తాళం స్విచ్, సాలినాయిడ్, వాటి మధ్య ఉన్న సన్నని వైరు చూడాలి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ వదులు అయిందని షక్. బాగా మందగిస్తే బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు, లేదా సెల్ఫ్ పళ్ళు ఫ్లైవీల్ పళ్ళలో ఇరుక్కుని ఉండొచ్చు. పాత రకం సెల్ఫ్ అయితే, తాళం తీసేసి, టాప్ గేర్‌లో వేసి బండిని ముందుకూ వెనక్కీ ఊపితే ఆ పళ్ళు విడిపోతాయి. దానికి ఖర్చు సున్నా.

ఎక్కువమంది మరిచిపోయేది ఎర్త్ పట్టీ. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిన పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగితే కరెంటు చోక్ కేబుల్ లోంచో, ఎక్స్‌లేటర్ కేబుల్ లోంచో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబుల్ వేడెక్కుతోందంటే సెల్ఫ్ మోటార్ బేకసూర్. మీటర్ ఉంటే ఒక కొన బ్యాటరీ ఎర్త్ పోల్ మీద, ఇంకో కొన ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ దారిలోనే ఖరాబీ ఉంది.

ఇక సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. పెట్రోల్ వస్తోందని చూసుకున్నాక, బల్బు ఒక కొన ఎర్త్‌కు తగిలించి, ఇంకో కొన కాయిల్ మీద తెల్ల వైరు ఉన్న చోట పెట్టి తాళం తిప్పాలి. వెలగకపోతే గడబిడ వెనకాల, తాళం వైపు ఉంది. వెలిగితే అక్కడిదాకా అంతా ఖైరియత్. ఇప్పుడు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైపు బల్బు పెట్టి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పాలి. పాయింట్ తెరుచుకున్నప్పుడు బల్బు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్ మైలపడి ఉంటుంది, లేదా డిస్ట్రిబ్యూటర్‌కు ఎర్త్ లేదు. అసలు వెలగకపోతే డిస్ట్రిబ్యూటర్ వైరు విప్పి మళ్ళీ చూడాలి. అప్పుడు వెలిగితే షార్ట్ డిస్ట్రిబ్యూటర్‌లో, అప్పుడూ వెలగకపోతే కాయిల్ పోయింది. కాయిల్ మార్చే హక్కు మిస్త్రీకి ఇక్కడ వస్తుంది, అంతకుముందు కాదు. పాయింట్ గ్యాప్ అంగుళంలో వెయ్యిన 14 నుంచి 16 వంతులు ఉండాలి. ఒక ఎహతియాత్: ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్‌లోనే వదిలేయకండి, కాయిల్ కాగిపోతుంది.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేశాను. ఆ రెండు చదువుల్లోనూ ఇలాంటి సబక్ దొరకలేదు. ఇది షెడ్డులో నిలబడి, డిస్ట్రిబ్యూటర్‌ను 'డెల్కో' అనే ఉస్తాద్‌ల దగ్గర విన్నది. కింద నుంచి పైదాకా ఒక తర్తీబ్‌లో వెళ్ళడం, షక్‌ను యకీన్‌గా మార్చుకున్నాకే పానా పట్టడం. హునర్ అంటే ఇదే.

ఇప్పుడు మన కుసూర్ దగ్గరకు వస్తాను. ఒక ఉస్తాద్ గంటసేపు వెతికి, వదులైన ఎర్త్ పట్టీ బిగించి బండి నడిపించాడనుకోండి. మనం ఏమంటాం? "ఏం మార్చావ్ భాయ్, ఇంత అడుగుతున్నావ్?" అంటాం. అదే ఆయన కొత్త కాయిల్ చేతిలో పెట్టి చూపిస్తే, నోరెత్తకుండా జేబులో చెయ్యి పెడతాం. ఇలా ఏళ్ళ తరబడి మనమే ఆయనకు నేర్పించాం, వెతికితే మజూరీ రాదు, మారిస్తే వస్తుందని. పక్కన నిలబడ్డ షాగిర్ద్ కూడా ఆ సబకే నేర్చుకుంటున్నాడు.

"టైము ఎవరికుంది, మార్చేస్తే పని అయిపోతుంది కదా" అని కొందరంటారు. కొత్త పార్టు మంచిదైతే సరే. కానీ ఈ బండి తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మంచి పాత కాయిల్ తీసేసి నాసిరకం డూప్లికేట్ వేస్తే, ఉన్న ఖరాబీ అలాగే ఉండి దానికి ఇంకొకటి జమ అవుతుంది. తర్వాత వచ్చే మిస్త్రీకి రెండు చిక్కుముళ్ళు. కొత్త కార్లకు కంప్యూటర్ ఉంది కదా అన్నా, వదులైన జాయింట్‌నూ తుప్పు పట్టిన ఎర్త్‌నూ వెతికి పట్టుకోవడానికి అక్కడా ఇదే హునర్ కావాలి.

మన ఖాందాన్లలో షెడ్డులో పని నేర్చుకున్న చాచాలు, మామూలు చాలామంది ఉన్నారు. పిల్లలు సాఫ్ట్‌వేర్‌కు వెళ్తే ముబారక్. షెడ్డులోనే ఉన్న పిల్లవాడికి మాత్రం ఇజ్జత్‌తో బతికే పని దక్కాలి. దానికి బండి ఇచ్చే మనం చేయాల్సినవి మూడు. మొదట ఖరాబీ వెతకమని చెప్పి, దానికి వేరే మజూరీ ముందే మాట్లాడుకోండి. ఏదైనా మార్చాలంటే బల్బు పెట్టి చూపించమని అడగండి. తీసేసిన పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. ఏమీ మార్చకుండా బండి నడిపించిన ఉస్తాద్ దొరికితే, ఆ రోజు బేరం ఆడకండి.