గంగాళంలో సముద్రం

వేసవి సెలవులకు చెన్నై నుంచి మనవలు దిగారంటే తడలో మా ఇంటి వసారాకు ప్రాణం లేచివస్తుంది. ఈసారి వాళ్లు సంచిలో తెచ్చింది క్రికెట్ బ్యాటు కాదు, గుప్పెడు పాచికలు. నాలుగు ముఖాలది మొదలు ఇరవై ముఖాలది దాకా రకరకాలు. పచ్చీసు, వైకుంఠపాళీ ఆడి పెరిగినవాణ్ణి కదా, "గళ్ల అట్ట ఏదిరా?" అన్నాను.

"అట్ట అక్కర్లేదు తాతా, కథ ఉంటే చాలు" అన్నాడు మనవడు.

సంగతేమంటే, ఇందులో ఒకడు సూత్రధారి. వాడు కథ చెబుతాడు. మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి, అంటే నోటితోనే లేండి, "నేను తలుపు బద్దలు కొడతాను" అంటారు. తలుపు పగిలిందా, భుజం విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అచ్చు వేయించారు. అంతకు రెండేళ్ల ముందే ఈ ఇద్దరూ, మైక్ కార్ అనే మరొకాయనా కలిసి తెరచాప యుద్ధనౌకల ఆటకు నియమాలు రాసి ఉన్నారు. 1975లో ఆర్నెసన్ తెచ్చిన బ్లాక్‌మూర్ అనే అనుబంధంలో నీటి అడుగు సాహసాలు కూడా చేరాయి. సొరంగాల ఆటగా పేరుపడ్డా, దాన్ని పుట్టించినవాళ్ల కన్ను మొదటినుంచీ సముద్రం మీద ఉందన్నమాట.

ఆ సాయంత్రం కథలో ఓడ మునిగింది. మనవడు ఇనుప కవచం తొడిగిన వీరుడు. మనవరాలు ఓడ నాయకురాలు. "నీళ్లలో ఎంతసేపు ఉంటావురా?" అని అడిగాను. 2014 నాటి ఐదో కూర్పు ప్రకారం మామూలు మనిషి ఒక నిమిషం ఊపిరి బిగబట్టగలడట. దేహదారుఢ్యం ఎక్కువైతే ఇంకొన్ని నిమిషాలు. ఎంత అర్భకుడికైనా అర నిమిషం ఖాయం. ఆటలో ఒక్కో విడత 6 సెకన్లు కాబట్టి నిమిషమంటే 10 విడతల యుద్ధం!

నాకు నమ్మకం కుదరలేదు. పెరట్లో ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పోయించి మొహం ముంచాను. మనవరాలు లెక్కపెట్టింది. 34 దగ్గర లేచాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఈ వయసులో ఇదేం తపస్సండీ?" అంది. తపస్సు మాట ఎలా ఉన్నా ఒకటి తేలింది. కదలకుండా నిలబడ్డవాడికే 34 అయితే, కత్తి తిప్పేవాడికి అందులో సగం కూడా మిగలదు. కాబట్టి మా వసారాలో కొత్త నియమం వచ్చింది: నీళ్లలో దెబ్బ వేసిన ప్రతి విడతా రెండు విడతల ఊపిరి తినేస్తుంది.

పుస్తకాన్ని తీసిపారేయడం లేదు. నీటి అడుగున పొడవాటి కత్తితో కొట్టాలంటే పాచిక రెండుసార్లు వేసి తక్కువ వచ్చినదే తీసుకోవాలి; ఈటెకూ త్రిశూలానికీ ఆ బాధ లేదు. ఇది రాసినవాడికి నీళ్లు తెలుసు. నీళ్లలో నరకడం కుదరదు, పొడవడమే కుదురుతుంది. కానీ ఆ ఇనుప కవచం?

"దాంతో ఈదకూడదని పుస్తకంలో ఎక్కడా లేదు తాతా."

అక్కడ నాకు నవ్వు రాలేదు. పులికాటు సరస్సులో చాలాచోట్ల లోతు నడుము దాటదు. నా పదో ఏట ఇరకం దీవికి పోతుంటే గాలి హఠాత్తుగా తిరిగి పడవ ఒరిగింది. నడుము లోతే కదా అని దూకాను. కాళ్లు మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాయి. ఒకటి పీకితే రెండోది ఇంకా దిగింది. గడ వేసే మనిషి జుట్టు పట్టి లాగకపోతే ఈ కబుర్లు మీకు ఇంకెవరో చెప్పేవారు. ఆ రోజు నా ఒంటిమీద ఉన్నది చొక్కా, లాగూ. ఇనుము కాదు.

ఇది విన్నాక మనవడు మారుమాట్లాడకుండా తన వీరుడి కవచం విప్పించాడు. విప్పేసరికి నాలుగు విడతల ఊపిరి ఖర్చయింది. బతికాడు.

ఇక ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది? పిల్లలు పట్టణపు రాజుదే అన్నారు. పూర్వం రాజులూ అలాగే అనేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, ఓడ పగిలి ఒడ్డున పడ్డ సరుకును లాగేసుకునే ఆ ఆచారం మానిపించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్లు కదా అని, నిర్ణయించిన సుంకం తప్ప ముట్టనన్నాడు. సుంకం ముప్ఫయ్యో వంతు. ఈ నియమం పెట్టగానే ఆటకు కొత్త రుచి వచ్చింది. నాయకురాలి పెట్టెలో 90 ముత్యాలుంటే, 3 ఇచ్చి మిగతావి దర్జాగా మోసుకుపోయింది. సూత్రధారి మొహం చూడాలి!

మర్నాడు అందరం ఇరకం చూద్దామని భీములవారిపాళెం రేవుకు వెళ్లాం. పడవ అప్పటికే నిండుగా ఉంది. "ఇంకో నలుగురు పడతారు, రండి అయ్యవారూ" అన్నాడు సరంగు. నేను పంచె ఎగగట్టి కాలు పెట్టబోయాను కూడా. మనవడు నా చెయ్యి వదల్లేదు. వంగి పడవ అంచుకూ నీళ్లకూ మధ్య జానతో కొలిచాడు.

"జానెడు లేదు తాతా. గాలి తిరిగితే?"

ఇదే సరస్సులో, తమిళనాడు వైపున, 2011 క్రిస్మస్ రోజున పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. పేపర్లో చదివినవాణ్ణి నేను. కాలు పెట్టబోయినవాణ్ణీ నేనే.

సరంగు ఒకసారి ఆకాశం కేసి, ఒకసారి వాడి కేసి చూసి, "సరే అబ్బయా, నువ్వు చెప్పిందే" అని గడ వేశాడు. రెండో పడవ వచ్చేసరికి గంటన్నర పట్టింది. మా ఆవిడ దీవిలో తిందామని కట్టిన పులిహోర రేవులోనే అయిపోయింది. మనవరాలు ఇసుకలో తువ్వాలు పరిచి, గాలి ఎటు తిరుగుతుందోనని పాచికలు వేస్తూ కూర్చుంది.