ఉచితంగా ఇచ్చింది ఉచితంగానే నిలవాలంటే

బెంగళూరు చిక్కపేట పక్కనే ఉన్న ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని, సొంతంగా కంప్యూటర్ బిగించుకునే కుర్రాళ్లు ఎందరో. అలాంటి మన యువత సంఘం కోసం ఒక పాటల యాప్ రాస్తే, తరచూ మరిచిపోయే పని ఒకటుంది: లైసెన్సు పెట్టడం.

లైసెన్సు లేకపోతే అది అందరిదీ అయిపోదు. మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును కూడా సాహిత్య రచనగానే చూస్తుంది. అనుమతి ఇవ్వనంతవరకు హక్కులు హక్కుదారువే.

అనుమతిలో ముఖ్యంగా రెండు దారులు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సులు మన పేరు, లైసెన్సు పాఠం ఉంచి ఎలాగైనా వాడుకోమంటాయి. తీసుకున్నవారు తమ మార్పులను మూసిపెట్టి అమ్ముకోవచ్చు. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ తెచ్చిన జీపీఎల్ కాపీలెఫ్ట్. అదీ అమ్మవద్దనదు. మార్చి పంచితే మాత్రం, పుచ్చుకున్నవారికి సోర్సు కోడ్‌నూ అదే స్వేచ్ఛనూ ఇవ్వాలంటుంది.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. తెలుగు ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ బైబిలు క్రియేటివ్ కామన్స్ షేర్-అలైక్ లైసెన్సుతో వచ్చింది. దాన్ని సవరించి పంచేవారు అదే షరతుతో పంచాలి. మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లకున్న ఓపెన్ ఫాంట్ లైసెన్సును రూపొందించింది ఎస్‌ఐఎల్ అనే క్రైస్తవ సంస్థ. మార్చిన ఫాంటు కూడా అదే లైసెన్సులో ఉండాలి; దానితో అచ్చేసిన పుస్తకానికి ఆ షరతు లేదు.

కాపీలెఫ్ట్ అంటే కంపెనీలు దూరంగా ఉంటాయన్న వాదనలో నిజముంది. ఎక్కువమందికి చేరడమే లక్ష్యమైతే అనుమతి లైసెన్సే మేలు. ఆగ్ వోర్బిస్ ఆడియో ఫార్మాట్ వ్యాప్తి కోసం బీఎస్‌డీ తరహా లైసెన్సును స్టాల్‌మనే సమర్థించారు. అక్షరాలు మార్చే చిన్న పనిముట్లకు అదే దారి చాలు.

కానీ కూలి డబ్బులోంచి తీసిన కానుకలతో తయారైన యాప్ సంగతి వేరు. దాన్ని ఎవరో మూసేసి, ప్రకటనలు అతికించి తిరిగి ఆ పేదలకే అమ్మితే, అందులో తప్పు దిద్దుకునే వీలు కూడా వారికి ఉండదు. పొలంలో పరిగెను పేదలకు విడవడం యజమాని దయకు వదిలేయకుండా ధర్మశాస్త్రం ఆజ్ఞగా పెట్టింది. కాపీలెఫ్ట్ చేసేదీ అదే.

సర్వర్ మీద నడిచేదైతే ఏజీపీఎల్ ఎంచుకోండి. ఏదైనా మొదటి రోజే తేల్చండి. పదిమంది కోడ్ కలిశాక లైసెన్సు మార్చాలంటే ఆ పదిమందినీ అడగాల్సి రావచ్చు.