కలప ధర పెరిగితే కూలి తగ్గాలా?



బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం... తెలుగువాళ్ళు తరాలుగా స్థిరపడిన ఊళ్ళలో చిన్న వడ్రంగి షెడ్లు చాలానే ఉన్నాయి. ఒక మేస్త్రి, ఇద్దరు పనివాళ్ళు, ఒక కోత మిషన్. అంతే పెట్టుబడి. కలప ధర పెరిగినప్పుడల్లా ముందు కుంగిపోయేది ఈ షెడ్లే.

ధర ఎందుకు పెరుగుతోంది? 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవుల నరికివేతకు కళ్ళెం వేసింది. లైసెన్సు లేని కోత మిల్లులు మూతపడ్డాయి. అడవి బతకాలంటే అది అవసరమే. ఆ లోటు తీర్చడానికి బయటి దేశాల దుంగలు ఎక్కువగా రావడం మొదలైంది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేసింది. ఇప్పుడు ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు ఓడల్లో వస్తోంది. రూపాయి విలువ పడిపోయినా, ఓడ కిరాయి పెరిగినా మన అడితిలో ధర మారిపోతుంది. పైగా జీఎస్టీలో నమోదు కాని చిన్న మేస్త్రి, కలప మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేడు.

ఈ భారం చివరికి ఎవరి మీద పడుతోంది? లెక్క వేసి చూద్దాం. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ద్వారబంధానికి గడపతో కలిపి 21 అడుగుల చెక్క కావాలి. 5 అంగుళాలు, 3 అంగుళాల సైజులో అది సుమారు 2.2 ఘనపుటడుగులు. కోతలోనూ చిత్రికలోనూ పోయేది వేరు. ఘనపుటడుగుకు 500 రూపాయలు పెరిగిందనుకోండి. ఒక్క బంధానికే 1,100 రూపాయలు అదనం. ముందు ఒప్పుకున్న ధరకే చేసి ఇవ్వాలంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అడితి యజమాని తగ్గించడు. ఇల్లు కట్టుకునేవారు పెంచరు. మేస్త్రి తన మజూరీలోంచే తీసి పెడతాడు. అంటే అతని పిల్లల ఫీజులోంచి తీస్తాడు.

యిర్మీయా ప్రవక్త 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజును గద్దించింది ఇందుకే. గోడలకు దేవదారు పలకలు తాపించుకున్న రాజు, పని చేసినవాళ్ళకు కూలి ఇవ్వలేదు. ఖరీదైన కలపకు డబ్బు దొరికింది గాని కష్టానికి దొరకలేదు. మన ఇళ్ళలో, మన సంఘాల్లో ఇది జరగడం లేదా? చర్చి బెంచీలు చేయించేటప్పుడు "దేవుని పని కదా, తగ్గించుకో బాబూ" అంటాం. దేవుని పని అయితే కూలి సరిగ్గా ఇవ్వాలి కదా!

మేస్త్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఎస్టిమేటులో కలప ఖర్చు వేరుగా, మజూరీ వేరుగా రాయండి. ఈ ధర 15 రోజులకే అని కింద రాసి పెట్టండి. కలప సొమ్ము అడ్వాన్సుగా తీసుకుని ఆ రోజే కొనండి. రెండోది, ప్రతి పనికీ టేకు అక్కర్లేదు. లోపలి తలుపులకు, మంచాలకు, బెంచీలకు చేవ ఉన్న వేప, పనస, నల్ల తుమ్మ సరిపోతాయి. బాగా ఆరబెట్టాలి, పురుగు పట్టకుండా మందు పట్టించాలి. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాలు కూడా మంచివే. మేకులన్నీ తీశాకే మిషన్ మీద పెట్టాలి. మూడోది, నలుగురు మేస్త్రులు కలిసి ఒకే లోడు కొంటే ధరా తగ్గుతుంది, కిరాయీ కలిసివస్తుంది.

అప్పు కోసం వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకముందు ఒక్క మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 5 శాతం వడ్డీకి, హామీ లేకుండా మొదట లక్ష, తర్వాత 2 లక్షల రూపాయల రుణం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. తమిళనాడు దీని బదులు కలైఞర్ కైవినై తిట్టం పేరుతో సొంత పథకం తెచ్చింది. క్రైస్తవుడైనందుకు ఎస్సీ హోదా దక్కని దళిత వడ్రంగికి ఇది ముఖ్యం. ఇక్కడ చూసేది వృత్తిని, మతాన్ని కాదు.

యువతీ యువకులారా, మీ వీధిలో ఉన్న మేస్త్రి బాబాయి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. ఫోనులో ఎస్టిమేటు తయారు చేసి ఇవ్వండి. కామన్ సర్వీస్ సెంటరుకు తోడు వెళ్ళి దరఖాస్తు పెట్టించండి. సంఘ పెద్దలారా, ఈసారి చర్చికి తలుపు చేయించినప్పుడు బేరం కలప దగ్గర ఆడండి, కూలి దగ్గర ఆడకండి. ఆ కూలి కూడా పని పూర్తయిన రోజే చేతిలో పెట్టండి.