పదివేల అడుగుల పోటీలో నా లెక్క సున్నా

మా తెలుగు సంఘం వేసవిలో నడక పోటీ పెట్టింది. రోజుకు పదివేల అడుగులు, ఆరు వారాలు, ఎక్కువ నడిచిన కుటుంబానికి బహుమతి. మా ఆవిడ, పిల్లలతో పాటు నేనూ పేరిచ్చాను. మొదటి రోజు సాయంత్రం పోటీ యాప్‌లో నా పేరు పక్కన సున్నా కనిపించింది. ఆ రోజు ఇంటి దగ్గరి చెరువు చుట్టూ చక్రాల కుర్చీని రెండు మైళ్లు తోసుకుంటూ తిరిగి వచ్చాను.

నాకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. 2014లో భారతదేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చేనాటికి నా జుట్టు సగం నెరిసింది. దివ్యాంగుడు అనే మాట నాకు పెద్దగా రుచించదు, వికలాంగుడినే. నా ఈడు వాళ్లకు ఊరికి ఒకరిద్దరు ఇలాంటివాళ్లు గుర్తుండే ఉంటారు. వారిలో కొందరం ఇక్కడిదాకా వచ్చాం.

అసలు ఈ పదివేలు ఎక్కడిది? టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. అంటే సరుకు అమ్ముకోవడానికి పెట్టిన అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అడుగుల లక్ష్యం లేదు, నిమిషాలున్నాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. వికలాంగులకు ప్రత్యేకంగా సూచనలు చేర్చింది కూడా అప్పుడే. ఈత కొట్టినా, కుర్చీ తోసినా, కూర్చుని చేతులాడించినా నిమిషం నిమిషమే.

గడియారాలు కొంత నేర్చుకున్నాయి. ఆపిల్ వాచ్ 2016 నుంచి, గార్మిన్ 2023 నుంచి చక్రం తోసిన ప్రతిసారీ లెక్కపెట్టగలవు. అయితే నేను చక్రాల కుర్చీ వాడతానని సెట్టింగ్స్‌లో మనమే చెప్పాలి. చెప్పాక అడుగుల లెక్క ఆగి, తోసిన లెక్క వేరే ఖాతాలో పడుతుంది. నా సున్నా అక్కడే పుట్టింది. గడియారం లెక్కపెట్టింది కానీ పోటీ యాప్ ఆ ఖాతా తెరిచి చూడలేదు. మోటారు కుర్చీ వాడేవారికైతే ఆ లెక్క కూడా ఉండదు.

చట్టం ఇంతదూరం రాలేదు. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల యాప్‌లు వికలాంగులు వాడుకునేలా ఉండాలని అమెరికా న్యాయశాఖ 2024లో నిబంధన తెచ్చింది. చూపు లేనివారికి యాప్ చదివి వినిపిస్తుందా, బటన్ అందుతుందా అన్నది అది చూస్తుంది. ఆ యాప్ దేన్ని శ్రమగా లెక్కిస్తోందో చూడదు.

ఇక నా వైపు పొరపాటు. గడియారంలో వలయం పూర్తి చేయాలన్న పట్టుదలతో నిరుడు కొన్ని నెలలు రోజూ చీకటి పడేదాకా తోశాను. కుడి భుజం పట్టేసింది. మాకు భుజాలే కాళ్లు, అవి అరిగితే మార్చుకోవడానికి ఇంకో జత లేదు. పైగా పోలియో వచ్చినవారు శ్రుతి మించి శ్రమిస్తే, ఉన్న సత్తువ కూడా తగ్గవచ్చు. వరుస తెగకుండా ఆ వలయాలను కొన్నాళ్లు ఆపుకునే వీలు ఆపిల్ 2024లో ఇచ్చింది. నేను దాన్ని భుజం పట్టేశాక గానీ వాడలేదు. ఇంకొంచెం కదలమని గుర్తుచేసే యాప్‌లు బోలెడున్నాయి. ఈ రోజుకు చాలు, ఆపమని చెప్పేది నాకు ఇంకా దొరకలేదు.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి అడుగుల బదులు నిమిషాలు లెక్కపెట్టమన్నాను. "యాప్‌లో ఆ వీలు లేదండీ అన్నయ్యా," అన్నారు. అయితే యాప్ పక్కన పెట్టి, ఎవరి నిమిషాలు వాళ్లే రాసుకునే పట్టిక ఒకటి గ్రూపులో పెడదామన్నాను. మూడో వారం నుంచి పెట్టారు. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలని ఒక పెద్దావిడ, ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చినావిడ, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం పేరుతో 20 రాయించారు. నిన్న నేను 35 రాశాను, ఇవాళ భుజానికి సెలవు.