జేన్ అయిర్: రెండవ నిరాకరణము

షార్లెట్ బ్రాంటీ 1847లో కరర్ బెల్ అను మాఱుపేరుతోఁ బ్రకటించిన ‘జేన్ అయిర్’ నవలను మనవారు మెచ్చుకొను తీరు మాకు సమ్మతము కాదు. రాచెస్టరునకు భార్య బ్రతికియున్నదని తెలిసినంతనే జేన్ అతనిని విడిచిపోయినది గదా, ఎంతటి శీలవతి యని పొగడి పుస్తకమును మూసివేయుదురు. శీలవతియే, కాదనువా రెవరు? కాని కథ యచ్చటితో ముగిసినదా?

పిమ్మట సెయింట్ జాన్ అను క్రైస్తవ మతాచార్యుఁడు వచ్చును. అవివాహితుఁడు, విద్వాంసుఁడు, పరమభక్తుఁడు. మతప్రచారమునకై హిందూదేశమునకుఁ బోవుచుఁ దన్నుఁ బెండ్లాడి వెంట రమ్మనును. ఈ వివాహమున నీతికి లోపము లేదు. అయినను జేన్ సహాయురాలిగా వచ్చుటకు సమ్మతించినదే కాని భార్యగా వచ్చుటకు సమ్మతింపలేదు. ఏల? అతఁడు కోరినది పనిముట్టును గాని ప్రియురాలిని గాదు. పాపమును వలదన్న నోటితోనే ప్రేమలేని పుణ్యమును వలదన్నది. రెంటికిని మూల మొక్కటియే: ఆత్మగౌరవము.

అప్పటి కామెకు 5,000 పౌనుల సొంత ధన మున్నది గనుక కాదనఁగలిగిన దందురా? రాచెస్టరు నింటినుండి వెడలిననాఁడు తన కున్న 20 షిల్లింగులను బండివానికే యిచ్చివేసినది!

మొదటి నిరాకరణమును మెచ్చుట సులభము. అది మనకుఁ బ్రియమైన నీతి. రెండవదానిని మెచ్చవలెనన్నచో, మనము తెచ్చిన మంచి సంబంధమును కూఁతురు వలదన్ననాఁడు మాఱుపలుకక యొప్పుకొనవలయును. ఈ పుస్తకమును బాలికల చేతి కిచ్చు తల్లిదండ్రులు అందులకును సిద్ధపడి యిత్తురు గాక. లేనిచో జేనును పొగడుట మానుదురు గాక.