పులి బొమ్మలో మనుషులు ఏరి?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పులి బొమ్మ ఎక్కడ కనపడ్డా ఒక్క పని చెయ్యండి. అందులో మనిషి కోసం వెతకండి. ఆఫీసు గోడ మీది క్యాలెండర్ కానీ, ఫోన్‌లో స్టేటస్ కానీ, పెద్దోళ్ల హాల్లో అద్దం బిగించిన విదేశీ ప్రింట్ కానీ, ఏదైనా సరే. మీసాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. కంట్లో మెరుపు, గడ్డి మీద మంచు, రాయి మీద నాచు అన్నీ అచ్చం ఉన్నట్టే ఉంటయి. మనిషి మాత్రం ఉండడు. కాలిబాట ఉండదు. ఇప్పపూలు ఏరిన గంప ఉండదు. ఎడ్లబండి గాడి ఉండదు. దీన్ని ‘వాస్తవిక చిత్రం’ అంటరు!

ఇట్లాంటి బొమ్మలు కొని దాచుకునేటోళ్లది ఒక పెద్ద లోకం. ఇంగ్లండ్‌లో డేవిడ్ షెపర్డ్, కెనడాలో రాబర్ట్ బేట్‌మన్, అడవి జంతువుల్ని ఫోటో లెక్క గీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నరు. అసలు పెయింటింగ్ ఒక్కరికే పోతది. దాన్ని ఫోటో తీసి, ఆఫ్‌సెట్ మిషన్ మీద మంచి కాగితంపై అచ్చేసి, ‘ఇన్ని కాపీలే, ఇక వెయ్యం’ అని ప్రకటిస్తరు. కింద చిత్రకారుడు పెన్సిల్‌తో సంతకం పెడతడు. పక్కన నంబర్ ఉంటది. దీన్నే లిమిటెడ్ ఎడిషన్ అంటరు. మిషన్‌కు ఆగాల్సిన పనేం లేదు, పెండ్లి పత్రికల లెక్క పది వేలు కొట్టొచ్చు. ఆపేది అమ్మేటోడే. ‘ఇక దొరకదు’ అన్న మాటకే ధర పలుకుతది. ఒకప్పుడు అమెరికా, కెనడాల్లో వీటిని షేర్ల లెక్క కొన్నరు, రేపు ధర పెరుగుతదని. మార్కెట్ నిండా ప్రింట్లయినంక చాలావాటికి పెట్టిన పైసలు కూడా తిరిగి రాలేదు.

వాళ్ల పైసలు, వాళ్ల గోడలు, మనకెందుకు అంటరా? మనకే ఎందుకో చెప్త.

1973లో డేవిడ్ షెపర్డ్ ‘టైగర్ ఫైర్’ అనే పులి బొమ్మ వేసిండు. దాని లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్లు అమ్మితే సుమారు 1,27,000 పౌండ్లు వచ్చినయి. ఆ సొమ్ము మన దేశంలో పులుల రక్షణకే వచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్ 1న ఇందిరాగాంధీ ప్రభుత్వం 9 రిజర్వులతో ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టింది. అంటే ఇంగ్లండ్ డ్రాయింగ్ రూముల్లో వేలాడిన కాగితానికీ, ఇక్కడ అడవి చుట్టూ గీసిన గీతకూ చుట్టరికం ఉన్నది.

షెపర్డ్‌ను తిట్టడానికి ఇది రాస్తలేను. 1960లో టాంజానియాలో విషం కలిపిన నీటి గుంట చుట్టూ 255 జీబ్రాలు చచ్చిపడి ఉండటం చూసి మారిన మనిషి ఆయన. బొమ్మలమ్మి జంతువుల కోసం ఖర్చు పెట్టిండు. ఎంతమంది కళాకారులు ఆ పని చేస్తరు? బేట్‌మన్ అయితే చేపల వలలో చిక్కి చచ్చిన డాల్ఫిన్‌ను, ఆల్బట్రాస్ పక్షిని గీసి, మనిషి చేసిన నేరాన్నే చూపించిండు. దేశంలో పులులు 1972 లెక్కలో 1,827 ఉంటే, 2022 లెక్కలో సగటున 3,682 ఉన్నయని తేల్చిన్రు. అందులో ప్రాజెక్ట్ టైగర్ వాటా ఉన్నది, కాదనను.

నా కొట్లాట ఆ ఫ్రేముతోని. ఆ బొమ్మల్లో మనిషి ఉంటే వేటగాడు, లేదంటే విషం పెట్టినోడు. మంచి అడవి అంటే మనిషి లేని అడవి. ఏండ్ల తరబడి గోడ మీద అదే చూసిన కండ్లకు, అడవిలో ఊరు కనపడితే మరక లెక్కనే అనిపిస్తది. మరకను తుడవాలనిపిస్తది. ఆ కండ్లున్నోళ్లే చందాలిస్తరు, కమిటీల్లో కూసుంటరు, పటాలు గీస్తరు.

మన దగ్గర చూడండి. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. 2024లో కోర్‌లోని రాంపూర్, మైసంపేట గ్రామాలను బయటికి తరలించిన్రు. అటెన్క 2025 మే 30న జీవో 49 వచ్చింది. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ డివిజన్లలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్లు ‘కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్’ అన్నరు. జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినాయన పేరు! జంగల్‌కు ఆయన పేరు పెట్టి, జంగల్ మీద హక్కున్నోళ్లను అడగకుండ. కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి చట్టం 36ఎ సెక్షన్‌లోనే ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం, పెసా ఉండనే ఉన్నయి. ఆదివాసీ సంఘాలు బంద్‌కు పిలుపిస్తే జులై 21న జీవోను నిలిపేసిన్రు. నిలిపేసుడు వేరు, రద్దు వేరు.

ఇంకో మాట. తాడోబా నుంచి ప్రాణహిత దాటి వచ్చిన పులులు పిల్లల్ని కని పెంచింది ఎక్కడ? ఈ కాగజ్‌నగర్ అడవుల్లోనే. కోర్ కాదు, ఊళ్లున్న అడవి, పత్తి చేన్ల అంచున ఉన్న అడవి. బొమ్మలో పులికి మనిషి పొడ గిట్టదు. నిజం పులి మన పక్కనే సంసారం పెట్టుకున్నది. అయితే ఆ పక్కన బతుకుడు తేలిక అని ఎవరూ అనుకోవద్దు. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ని, అదే నెలలో పెంచికల్‌పేట మండలం కొండపల్లి దగ్గర పత్తి చేనులో ఒక అమ్మాయిని పులి చంపింది. 2024 నవంబరులో గన్నారం దగ్గర ఇంకో ఆడకూతురు. ఎవరి గోడ మీద ఉన్నయి ఆ ముఖాలు? పులిని కాపాడిన ఖర్చు లెక్క రాస్తే చందా ఇచ్చినోళ్ల పేర్లే ఉంటయి, పత్తి ఏరే ఆమె పేరు ఉండదు.

కాగితం సంగతి కూడా చెప్పాలె. మన ఊరి పేరే కాగజ్. 1942లో సిర్పూర్ పేపర్ మిల్లు కాగితం తీయడం మొదలుపెట్టినంక ఈ అడవుల వెదురు లారీలకు లారీలు అందులకే పోయింది. అప్పుడు అడవి తరుగుతున్నదని ఎవరికీ గుర్తురాలేదు. కంక బొంగుతో తట్ట అల్లుకునేటోడి మీదనే కేసు.

బొమ్మలు వద్దంటలేను. పులిని మన జాతోళ్లు గీయలేదా? మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ ప్రధాన్ బిడ్డ జన్‌గఢ్ సింగ్ శ్యామ్ గీసిన జంతువుల వొంటి నిండా చుక్కలు, గీతలే, మీసం లెక్కపెట్టలేం. 1989లో ఆ బొమ్మలు పారిస్ దాకా పోయినయి. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో పనిచేస్తుండగా ఆయన ప్రాణం తీసుకున్నడు. సొంత ఊరికి దూరంగా, పరాయి గోడల కోసం బొమ్మలేస్తూ. మన జిల్లాలో ఉషేగాం ఓజల ఇత్తడి బొమ్మలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. మైనంతో ఒక్కో అచ్చు చేసి, ఇత్తడి పోసినంక అచ్చు పగలగొడతరు. ఒక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. నిజమైన లిమిటెడ్ ఎడిషన్ అది, సంతకం లేకుండ. దాని దగ్గర బేరమాడి వంద తగ్గించుకుంటం, ఫ్రేము కట్టిన ప్రింట్‌కు అడిగినంత ఇస్తం. పైసలుండి ఇంట్లో ఏదన్నా పెట్టుకోవాలనుకునే మద్దతుదారులారా, ఉషేగాం దారి కాగజ్‌నగర్‌కు దూరమేం కాదు.

గీయొచ్చే పిల్లలు గీయండి. పులిని గీయండి, పక్కన మీ ఊరి చేను, మంచె, పెద్దల గుడి కూడా గీయండి. ఇక గ్రామసభలో ఎవరన్నా మళ్లీ పటం తెచ్చి పరిస్తే సంతకం పెట్టే ముందు వేలు పెట్టి అడగండి: మా ఊరు ఏది, మా వాగు ఏది, పోడు పట్టా ఉన్న భూమి గీతకు లోపలనా బయటనా? అక్కడే రాసిమ్మనండి.