కాక్రపార్ నీళ్లు - కార్మికుని నోరు

అణు విద్యుత్కేంద్రంలో ప్రమాదమనగానే సామాన్యుని మనస్సు పేలుడు వైపు, పొగ వైపు పోతుంది. వాస్తవానికి పొగ కొన్నాళ్లకు అణుగుతుంది, నీరు మిగులుతుంది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాను సునామీ ముంచెత్తినప్పుడు మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. ఆ ఇంధనాన్ని చల్లార్చేందుకు నాటినుండి నేటివరకు నీరు పోస్తూనే ఉన్నారు. కొండవాలు నుండి దిగే భూగర్భజలం, వర్షపు నీరు పగిలిన కట్టడాలలోనికి ఊరి దానిలో కలుస్తున్నాయి. ఆ విధంగా పేరుకున్న నీరు 2023 నాటికి వెయ్యికి పైగా ట్యాంకులలో సుమారు 13 లక్షల టన్నులకు చేరింది.

శుద్ధియంత్రాల ద్వారా సీసియం, స్ట్రాంషియం వంటి పదార్థాలను చాలవరకు తొలగించవచ్చును. ట్రిటియంను మాత్రం తొలగించలేరు. అది ఉదజనికి సోదరరూపం. నీటిలో కలిసినది కాదు, నీటి అణువులోనే చేరి తానే నీరైనది. చర్మాన్ని దాటి లోపలికి పోగల శక్తి దాని కిరణాలకు లేదు. తాగినప్పుడు, పీల్చినప్పుడు హాని. దాని ధార్మికత సగానికి తగ్గడానికి 12 సంవత్సరాలకు పైగా పడుతుంది. కనుక జపాన్ ప్రభుత్వం 2023 ఆగస్టు 24 నుండి ఆ నీటిని సముద్రజలంతో పలుచన చేసి, లీటరుకు 1500 బెక్వెరెల్‌లకు మించకుండా పసిఫిక్‌లోనికి వదలనారంభించింది. ఇది అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా ఉన్నదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తేల్చింది. లెక్క ప్రకారం చూస్తే ఆ పరిమితి కఠినమైనదే. అయినను మత్స్యకారులు నమ్మలేదు. ఏల నమ్ముతారు? తమ అవగాహన లేకుండ నీటిని వదలబోమని 2015లో వారికి వ్రాతపూర్వకంగా మాట ఇచ్చారు. శుద్ధి చేసినట్లు చెప్పిన నీటిలో అధికభాగం ట్రిటియం గాక ఇతర పదార్థాల విషయంలోనూ పరిమితులు మించి ఉన్నదని 2018లో బయటపడింది. నీటిని శుద్ధి చేసే యంత్రమున్నది గాని, మాటను శుద్ధి చేసే యంత్రం లేదు.

ఇక ఆ నీటిని తాకే చేతులు ఎవరివి? 2023 అక్టోబరు 25న శుద్ధియంత్రపు గొట్టాలను కడుగుతుండగా రబ్బరు గొట్టం ఊడి, ధార్మిక ద్రవం కార్మికులపై చిమ్మింది. ఇద్దరిని ఆసుపత్రికి తరలించారు. వారు కంపెనీ ఉద్యోగులు కారు. కాంట్రాక్టరు క్రింద ఉపకాంట్రాక్టరు, అతని క్రింద మరొకడు, ఆ చివరి మెట్టువారు. కొందరికి నీరు చొరని కోటు సైతం ఒంటిపై లేదు. 2024 ఫిబ్రవరిలో మూయవలసిన వాల్వులు తెరచి ఉండి మరల కలుషితజలం కారింది.

ఇది జపాను వారి గొడవ అని తోసిపుచ్చడానికి వీలులేదు. సూరత్ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల ఎగువన, తాపీ నది చెంత కాక్రపార్ అణు విద్యుత్కేంద్రమున్నది. సూరత్ - భుసావల్ మార్గంలో పనిచేసినవారికి వ్యారా స్టేషను తెలుసు. అక్కడికి అది దగ్గరే. సూరత్ ప్రజలు త్రాగేది తాపీ నీరు. తెలంగాణ నుండి వలసపోయి ఆ నగరపు మరమగ్గాలపై తరాలుగా బ్రతుకుతున్న పద్మశాలి కుటుంబాలు త్రాగేదీ ఆ నీరే. పైగా కాక్రపార్‌ది భారజలంతో నడిచే రియాక్టరు. మణుగూరు వంటి కర్మాగారాలలో తయారయ్యే ఆ భారజలం, రియాక్టరులో తిరిగేకొద్దీ ట్రిటియం కూడగట్టుకుంటుంది. అక్కడ పైపు పగిలితే కారేది మామూలు నీరు కాదు.

పగలనూ పగిలింది. ఫుకుషిమా జరిగి సరిగ్గా ఐదేళ్లకు, 2016 మార్చి 11 ఉదయం, కాక్రపార్ మొదటి యూనిట్‌లో ఇంధనాన్ని మోసే గొట్టమొకటి చిట్లి భారజలం కారింది. రియాక్టరును ఆపి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బయటి పరిసరాలలో ధార్మికత పరిమితులలోనే ఉన్నదని అధికారులు చెప్పారు. అంతకు ముందటి సంవత్సరం జూలైలో రెండవ యూనిట్‌లోనూ ఇటువంటి లీకే జరిగింది. గొట్టాల చుట్టూ పంపే బొగ్గుపులుసు వాయువులోని మలినాల వలన అవి పైనుండి తుప్పుపట్టినట్లు తరువాత తేలింది. మొదటి యూనిట్ తిరిగి నడిచింది 2019 మేలో. ఫుకుషిమాతో దీనిని సమానం చేయడం అతిశయోక్తి అవుతుంది, కారినది కట్టడంలోపలే. ఆ పేరుతో భయపెట్టడం మా ఉద్దేశం కాదు.

మా ఉద్దేశం 1994 నాటి సంగతిని గుర్తుచేయడం. ఆ జూన్ 15, 16 తేదీల కుంభవృష్టికి కేంద్రం ప్రక్కనున్న మోతీచేర్ చెరువు పొంగింది. గేట్లు తెరుచుకోలేదు. వరదనీరు కేబుళ్ల కాలువల గుండా టర్బైన్ భవనంలోనికి చొరబడింది. రియాక్టరు అప్పటికి కొన్ని నెలలుగా ఆగి ఉండడం అదృష్టం. తమ ఇండ్లు మునుగుతాయని చుట్టుపట్ల గ్రామస్థులు గట్టుకు గండి కొట్టగా నీరు తీసింది. కోట్లు పోసి కట్టిన కేంద్రాన్ని కాచినవి పలుగు, పార అన్నమాట!

అక్కడ పనిచేసే ట్రేడ్స్‌మన్ ఒకరు, కార్మిక సంఘ బాధ్యుడు, ఈ నిర్వహణ లోపాలను గూర్చి ఒక గుజరాతీ దినపత్రికకు లేఖ వ్రాశారు. ఫలితం: సస్పెన్షన్, విచారణ, ఉద్యోగం నుండి తొలగింపు. వ్యాజ్యం సుమారు రెండు దశాబ్దాలు సాగి, 2013లో సుప్రీంకోర్టు తొలగింపును సమర్థించింది. ప్రజాహితం కోసం గుట్టు విప్పిన వ్యక్తిగా ఆయనను గుర్తించడానికి నిరాకరిస్తూ, ఆయన చదువు పన్నెండవ తరగతి వరకే, ఇంజనీరు కాడు, నిపుణుడు కాడు అని కూడ పేర్కొన్నది.

న్యాయస్థానం పట్ల గౌరవంతోనే ఒక మాట అడుగుతాము. పట్టాలపై నడిచే గ్యాంగ్‌మన్‌కు ఏ ఇంజనీరింగు పట్టా ఉన్నది? తెల్లవారుజామున రైలు పట్టాలో పగులు చూసి, ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి బండిని నిలిపితే రైల్వేశాఖ అతనికి బహుమతి ఇస్తుంది. లోహశాస్త్రం చదివావా అని అడగదు. మోకాలి లోతు నీరు చూసినవాడు నీరు వచ్చినదని చెప్పడానికి ఏ పట్టం కావాలి? గ్యాంగ్‌మన్‌కు ఎర్రజెండా ఇచ్చారు. అణుకేంద్రపు కార్మికునికి ప్రవర్తనా నియమావళి ఇచ్చారు. ఉత్తరాలు మోసే వృత్తిలోని మన తపాలా సోదరులకు, ఒక ఉత్తరం వ్రాసినందుకు జీవనోపాధి పోవడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

సంఘానికి లోపల ఫిర్యాదు చేసే మార్గం ఉన్నది కదా, పత్రికకు ఏల ఎక్కవలెనని వాదించేవారున్నారు. లోపలి మార్గం పనిచేసే చోట ఆ వాదం సబబే. కాని తనిఖీ చేసే అణుశక్తి నియంత్రణ మండలి సైతం ఏర్పడిన నాటినుండి అణుశక్తి సంఘానికే జవాబుదారీగా ఉంటూ వచ్చింది; 1994లో తలుపు తట్టదలచిన కార్మికునికి రెండవ ఇల్లు లేదు.

2009 నవంబరులో కర్ణాటకలోని కైగా కేంద్రంలో త్రాగునీటి కూలరులోనే ఎవరో ట్రిటియం కలిసిన భారజలం పోశారు. 50 మందికి పైగా కార్మికులకు అది సోకింది. కనిపెట్టినది ఎట్లా? వారి మూత్రపరీక్షలో. అనగా ఆ కర్మాగారాలలో కార్మికుని దేహమే చివరి కొలమానం. ఆ కొలతల కాగితం ఆ కార్మికుని చేతికి, కాంట్రాక్టు కూలీ అయినా సరే, ప్రతి నెల అందవలెను. తాపీ నీటిలో ట్రిటియం ఎంత ఉన్నదో గుజరాతీలో, హిందీలో, సూరత్ వీధులలో మాట్లాడే తెలుగులో సైతం నోటీసు బోర్డులపై కనిపించవలెను. నీటిని గూర్చి నోరు విప్పిన ఉద్యోగిపై, ఆ మాట తప్పని స్వతంత్ర సంస్థ తేల్చకముందు, చార్జిషీటు జారీ చేయరాదని నియమం రావలెను.

కాక్రపార్‌లో 700 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు 2023, 2024లలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి. మన శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటికి ప్రతిపాదన ఉన్నది. అక్కడి మత్స్యకారులు పరిహారం, పునరావాసం గూర్చి అడుగుతున్నారు, అడగవలసినదే. దానితోబాటు రేపు ఆ ప్రాంగణంలో పనికి కుదిరే వారి బిడ్డలు లీకు చూసి బయటకు చెబితే ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది, పునాదిరాయి పడకముందే వ్రాతపూర్వకంగా అడిగించవలసిన బాధ్యత ఆ జిల్లాలోని రైల్వే, తపాలా సంఘాలపై ఉన్నది.